పట్టా లేని దర్వాజా

వైటూకే కంప్యూటర్ పనుల పుణ్యమా అని 1999లో ఇంగ్లాండులో దిగిన తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. అద్దె తక్కువని లండన్‌కు ఉత్తరాన చెషంట్ అనే ఊళ్ళో ముగ్గురం కలిసి ఒక ఇల్లు తీసుకున్నాం. శని, ఆదివారాలు వస్తే చేసేదేమీ ఉండేది కాదు. వంట, బట్టలు ఉతకడం, ఫోను కార్డు గీకి ఇంటికి పది నిమిషాలు మాట్లాడటం. అలాంటి ఒక ఆదివారం ఊరికే నడిచొద్దామని థియోబాల్డ్స్ పార్కు వైపు పోయాం. చెట్ల మధ్యన, బురద దారి చివర, కంచె వెనకాల ఒక పెద్ద రాతి కమాను కనపడింది. రెండంతస్తులు. కింద నడుమ బండ్లు పోయేంత వెడల్పు దారి, రెండు పక్కలా మనుషులు నడిచే చిన్న దార్లు, పైన కిటికీ ఉన్న గది. రాయి నల్లబడిపోయింది. పగుళ్ళలోంచి మొక్కలు మొలిచాయి. గోడ మీద ఎవరో పోరగాళ్ళు రంగు డబ్బాలతో పేర్లు రాసుకున్నారు. ముందు ఊరు లేదు, వెనక కోట లేదు. అడవిలో దర్వాజా ఏమిటి?

కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన మా మొహాలు చూసి ఆగాడు. "లండన్ నగర ద్వారం అది. రెన్ కట్టాడు" అని, ఇంకేమీ చెప్పాల్సిన పని లేదన్నట్టు ముందుకు పోయాడు. రెన్ అంటే ఎవరో మాలో ఒక్కడికీ తెలియదు. ఆ తర్వాత తెలిసింది. సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్. తెలిసిన రోజు నుంచీ ముసలాయన చెప్పిన ఆ రెండో ముక్కతో నాకు పేచీ మొదలైంది. అది ఇప్పటికీ తెగలేదు.

కమాను పేరు టెంపుల్ బార్. పాత లండన్ నగరానికి పడమటి హద్దు మీద, ఫ్లీట్ స్ట్రీట్‌కు అడ్డంగా ఉండేది. 1666లో లండన్ తగలబడినప్పుడు అక్కడున్న పాత కొయ్య గుమ్మం నిజానికి కాలలేదు. మంటలు అంతదూరం రాకముందే ఆగిపోయాయి. అయినా రెండో చార్లెస్ రాజు పట్టుబట్టి కొత్తది కట్టించాడు. 1669లో మొదలుపెట్టి 1672కి ముగించారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు దాని నెత్తిన రాజద్రోహుల తలలు చువ్వలకు గుచ్చి పెట్టేవాళ్ళు. 1746లోనైతే ఆ తలలను దగ్గరగా చూపిస్తామని కింద కొందరు దుర్భిణీలు పట్టుకుని, చూపుకు అర పెన్నీ చొప్పున వసూలు చేశారు. నగరంలోని మిగతా ఏడు ద్వారాలూ 1800 నాటికే నేలమట్టమయ్యాయి. ఇది మాత్రం మిగిలింది. పక్కనున్న చైల్డ్ బ్యాంకు వాళ్ళు పాత లెక్కల పుస్తకాలు పెట్టుకోవడానికి పైగది అద్దెకు తీసుకున్నారు. 1874లో కమాను నడిమి రాళ్ళు జారాయని కనిపెట్టి దూలాలతో ఆనించారు. ట్రాఫిక్ చూస్తే రోజురోజుకూ పెరుగుతోంది. చివరికి 1878లో తీసేశారు. పడగొట్టలేదు, విప్పారు. రెండున్నర వేలకు పైగా రాళ్ళకు నంబర్లు వేసి ఒక యార్డులో పేర్చిపెట్టారు.

అవి అడవిలోకి ఎలా వచ్చాయనేది ఇంకో కథ. సర్ హెన్రీ మ్యూస్ అని బీరు కంపెనీల వారసుడు ఒకాయన థియోబాల్డ్స్ ఎస్టేటు యజమాని. ఆయన భార్య వాలరీ పెళ్ళికి ముందు బారులో పనిచేసిందని పెద్దిళ్ళ వాళ్ళు చెవులు కొరుక్కునేవారు. ఆమె వాళ్ళను లెక్కచేసే మనిషి కాదు. బండికి జీబ్రాలు పూన్చి లండన్ వీధుల్లో తిరిగింది. విస్లర్ అనే పేరున్న చిత్రకారుడి చేత బొమ్మలు గీయించుకుంది. ఈజిప్టు పురావస్తువులు గదుల నిండా పోగేసింది. ఆమె పట్టుపడితేనే ఆయన ఆ రాళ్ళ కుప్ప కొన్నాడు. 1880ల చివరికి టెంపుల్ బార్ వాళ్ళ ఎస్టేటు గేటు అయింది. పైగదిలో విందులిచ్చేది. తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజు అయినాయన, చర్చిల్ కూడా అక్కడ తిన్నవాళ్ళే. కొత్తగా పైకొచ్చిన ఇంటికి పాత గుమ్మం తెచ్చి పెట్టుకోవడంలో ఉన్న తెలివి మనకు కొత్తేమీ కాదు. గడీలు అమ్ముడుపోయినప్పుడు దర్వాజాలూ స్తంభాలూ ఎవరెవరి ఫాంహౌసులకు చేరాయో చూస్తూనే ఉన్నాం కదా.

2003లో దాన్ని మళ్ళీ విప్పి లండన్ తీసుకుపోయారు. 2004 నవంబరు నుంచి సెయింట్ పాల్స్ పక్కన, పేటర్నోస్టర్ స్క్వేర్‌కు గుమ్మంగా నిలబడింది.

పోయిన జూన్‌లో మా నాయిన వచ్చినప్పుడు చూపించడానికి తీసుకుపోయాను. ఆయన హన్మకొండ పక్క మండలంలో గిర్దావర్‌గా, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా, రిటైరయ్యాడు. కింద ఒక టూరు గైడు, చుట్టూ ఇరవై మంది. "ఇది సర్ క్రిస్టఫర్ రెన్ కట్టిన ద్వారం" అని గట్టిగా చెబుతున్నాడు. నాయినకు తెలుగులో చెప్పాను.

"ఆయనే కట్టిండని కాగితమున్నదా?" అన్నాడు.

"ఉండే ఉంటుంది నాయినా."

"ఉండే ఉంటది అంటే లేదన్నట్టు."

ఆయన మాట నిజమే. రెన్ ఈ ద్వారానికి డిజైన్ ఇచ్చాడని సూటిగా చెప్పే కాగితం లేదు. ఉన్నవి మేస్త్రీల పేర్లు. థామస్ నైట్ అని నగర పాలక సంస్థ రాతిపని మేస్త్రీ, జాషువా మార్షల్ అని రాజుగారి రాతిపని మేస్త్రీ. వీళ్ళిద్దరూ కట్టారు. నాలుగు రాజవిగ్రహాలు చెక్కింది జాన్ బుష్నెల్. రెన్ వైపు ఉన్నదంతా సందర్భ సాక్ష్యం. అగ్నిప్రమాదం తర్వాత నగరం తిరిగి కట్టడానికి వేసిన కమిషనర్లలో ఆయన ఒకడు. సరిగ్గా 1669లోనే రాజుగారి కట్టడాల పెద్ద సర్వేయరు అయ్యాడు. మార్షల్ ఆ తర్వాత రెన్ కిందే సెయింట్ పాల్స్ పనీ చేశాడు. ఇవన్నీ కలిపి చూస్తే రెన్ చెయ్యి పడే ఉంటుందని నాకూ అనిపిస్తుంది. కానీ "పడే ఉంటుంది"కీ "కట్టాడు"కీ నడుమ ఉన్న దూరాన్ని గైడు ఒక్క గెంతులో దాటేశాడు.

నాయిన దీన్ని తన లెక్కలో పెట్టుకున్నాడు. పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, రెండు కాలమ్‌లుంటాయి. ఒకటి పట్టాదారు, ఇంకొకటి అనుభవదారు. భూమి ఎవరి పేరున ఉందో మొదటిది చెబుతుంది, ఎవరు దున్నుకుంటున్నారో రెండోది. తరతరాలుగా అనుభవంలో ఉన్నవాణ్ణి ఊరంతా యజమాని అనే పిలుస్తుంది. సర్వేకు పోతే తప్ప పట్టా ఎవరిదో తెలియదు. "మీ రెన్ అనుభవదారు. పట్టాదారులు ఆ మేస్త్రీలిద్దరు. వాళ్ళ పేరు ఒక్కడన్నా చెప్పిండా ఈ పిలగాడు?" అన్నాడు గైడును చూపించి. చెప్పలేదు.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. పెద్ద పేరు వచ్చి పడితే దస్తావేజుల్లో ఉన్న చిన్న పేర్లు దాని కింద పడి కనపడకుండా పోతాయి. మనకిది బాగా తెలిసిన జబ్బు. ఊరూ పేరూ లేని వెటకారపు చాటువు ఏది దొరికినా తెనాలి రామకృష్ణుడి ఖాతాలో వేస్తాం. శృంగారం పాలు కాస్త ఎక్కువైతే శ్రీనాథుడికి. శిల్పం సన్నగా ఉంటే జక్కనాచారికి. ఇంగ్లాండులో రాతి గుమ్మాలకు ఆ ఖాతా రెన్ కంటే ముందు ఇనిగో జోన్స్ పేరున ఉంది. ఇటలీ పద్ధతిని ఆ దేశానికి తెచ్చినవాడు, 1615 నుంచి రాజుగారి సర్వేయరు. 1620ల నాటి గేటు ఏదైనా కాస్త పొందికగా, స్తంభాలూ త్రికోణపు నెత్తీ పెట్టుకుని కనపడితే చాలు, "ఇనిగో జోన్స్‌ది అంటారు" అని ఇంటివాళ్ళు మొదలుపెడతారు. రెండు తరాలకు "అంటారు" రాలిపోతుంది.

థేమ్స్ పక్కన, ఎంబ్యాంక్‌మెంట్ తోటలో యార్క్ హౌస్ నీటి గుమ్మం ఉంది. 1626 ప్రాంతంలో బకింగ్‌హామ్ డ్యూక్ తన బంగళా నుంచి పడవ ఎక్కడానికి కట్టించుకున్నాడు. ఆ బంగళా ఎప్పుడో పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో కరకట్ట వేశాక నది కూడా దూరం జరిగింది. ఇప్పుడు గడ్డి మధ్యలో మెట్లు, మెట్ల మీద గుమ్మం, నీళ్ళు మాత్రం సుమారు నూట యాభై గజాల అవతల. దీనికి ముగ్గురు హక్కుదారులు. ఇనిగో జోన్స్, బల్తజార్ గెర్బియే, నికొలస్ స్టోన్. స్టోన్ రాతిపని మేస్త్రీ, ఇంటిపేరే రాయి. ఆయన బంధువు ఒకాయన తరువాతెప్పుడో రాసిపెట్టిన పనుల జాబితాలో ఈ గుమ్మం డిజైనూ కట్టుబడీ రెండూ స్టోన్‌వేనని ఉంది. బంధువు రాసింది కాబట్టి నమ్మలేం అంటారు కొందరు. సరే, నమ్మకండి. మరి ఏ జాబితా లేకుండానే జోన్స్‌ను ఎలా నమ్మారు? కూలీ మనిషి దస్తావేజు తెచ్చినా అనుమానం, దొర ఊరికే వచ్చి నిలబడినా నమ్మకం. రెవెన్యూ ఆఫీసులో నాయిన ముప్పై ఏళ్ళు చూసింది ఇదే.

గుమ్మాలకే ఎందుకు ఈ గొడవ ఎక్కువ? కారణం చాలా మోటుది. గుమ్మాన్ని మోసుకుపోవచ్చు. బంగళా పడగొడితే ఇటుకలుగా పోతుంది, గేటు మాత్రం గేటుగానే అమ్ముడవుతుంది. డోర్సెట్‌లో క్లిఫ్టన్ మేబ్యాంక్ అనే ఇల్లు విప్పేస్తుంటే, 1786లో మాంటక్యూట్ యజమాని దాని ముఖభాగపు రాతిపని కొనుక్కుపోయి తన ఇంటి పడమటి వైపు అతికించుకున్నాడు. ఈ రోజు చూసేవాడికి అది ఆ ఇంట్లోనే పుట్టినట్టు ఉంటుంది. అలా ఒక ఎస్టేటు నుంచి ఇంకో ఎస్టేటుకు పోయిన గుమ్మం వెంట కాగితాలు పోవు. అవి పాత యజమాని పెట్టెలో ఉండిపోతాయి, పెట్టె ఏ వేలంలోనో పోతుంది. కొత్త చోట దాన్ని చూసే పనివాళ్ళకూ పిల్లలకూ కథ కావాలి. కథకు పేరు కావాలి. దొరికిన పెద్ద పేరు పెట్టేస్తారు.

ఇలా జరగకుండా చూసుకున్నవాళ్ళూ లేకపోలేదు. చిజిక్ హౌస్ తోటలో ఒక గేటు ఉంది. 1621లో చెల్సీలోని ఒక పెద్దింటికి ఇనిగో జోన్స్ నిజంగానే కట్టినది. ఆయన గీసిన నమూనాలూ మిగిలాయి. ఆ ఇల్లు తర్వాత హాన్స్ స్లోన్ చేతికొచ్చింది. బ్రిటిష్ మ్యూజియానికి పునాది వేసిన సేకరణ ఆయనదే. ఇల్లు కూల్చే ముందు గేటును బర్లింగ్‌టన్ ప్రభువుకు ఇచ్చాడు. బర్లింగ్‌టన్ దాన్ని తెచ్చి పెట్టి, ఎవరు కట్టారు, ఎక్కడ, ఏ ఏడు, ఎవరిచ్చారు అన్నీ రాతి మీదే చెక్కించాడు. పోప్ అనే కవి ఆ గేటు తన కథ తానే చెప్పుకున్నట్టు ఒక చిన్న పద్యం కూడా అల్లాడు. ఆ రాతను మొదటిసారి చదివినప్పుడు నాకు భూమి పేరు మారినప్పుడు ఇచ్చే మ్యుటేషన్ ప్రొసీడింగ్స్ చదివినట్టే అనిపించింది. ఇంత తేలిక పని మిగతావాళ్ళు ఎందుకు చేయలేదు? అదీ జోన్స్ అంటే బర్లింగ్‌టన్‌కు వల్లమాలిన భక్తి కాబట్టి చేశాడనుకోండి. మామూలు మేస్త్రీ కట్టినదైతే చెక్కించేవాడా అని నాకు అనుమానమే.

ఇంకో రకం గుమ్మాలున్నాయి, ఎక్కడికీ పోనివి. బర్క్‌షైర్‌లో హామ్‌స్టెడ్ మార్షల్ అనే చోట పొలాల మధ్య జతలు జతలుగా గేటు స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి వెనక ఇల్లు లేదు. క్రేవన్ ప్రభువు కట్టించిన బంగళా 1718లో కాలిపోయింది. దాన్ని కట్టే పని మొదట గెర్బియే, ఆయన పోయాక విలియం విండ్ చూశారు. బొహీమియా రాణి ఎలిజబెత్ మీద క్రేవన్‌కు ఉన్న అభిమానం లోకమెరిగినది. ఇల్లు ఆమె కోసమే మొదలుపెట్టాడని, ఆమె 1662లోనే పోయిందని ఊళ్ళో కథ. గేట్లు మిగిలితే ప్రేమకథలు వాటంతట అవే వచ్చి చేరతాయి. నాయినకు ఫొటో చూపిస్తే "మన ఖిలా వరంగల్ లెక్కనే" అన్నాడు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, నడుమ స్వయంభూ శివాలయం ఉండాల్సిన చోట చెల్లాచెదురుగా రాళ్ళు. ఆ తోరణం తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది. చెక్కిన కాసెవాళ్ళెవరో నాతో స్కూల్లో చదివిన ఏ ఒక్కడూ అడిగినట్టు గుర్తులేదు. నేనూ అడగలేదు.

ఇంతదాకా చదివినవాళ్ళకు ఒక ప్రశ్న రావాలి. నాకైతే వచ్చింది, కొన్నాళ్ళు నిద్ర కూడా పట్టనివ్వలేదు. రెన్ పేరు లేకపోతే టెంపుల్ బార్ ఇవాళ ఉండేదా? 1984లో ఆ గేటును తిరిగి తేవడానికే పుట్టిన ట్రస్టు ఒక్క పౌండుకు దాన్ని కొన్నది. విప్పి, తెచ్చి, మళ్ళీ నిలబెట్టడానికి ముప్పై లక్షల పౌండ్లకు పైగా అయింది. "థామస్ నైట్, జాషువా మార్షల్ కట్టిన గేటు" అని విరాళాల బుక్కు పట్టుకుపోతే ఎంతమంది చెక్కు రాసేవారు? అబద్ధమో అర్ధసత్యమో, ఆ పేరే ఆ రాళ్ళను కాపాడింది కదా?

కొంతవరకే ఒప్పుకుంటాను. ఎందుకంటే ఎదురు ఉదాహరణ కూడా లండన్‌లోనే ఉంది. యూస్టన్ స్టేషన్ ముందుండే రాతి కమాను ఎవరిదో ఎవరికీ అనుమానం లేదు. ఫిలిప్ హార్డ్‌విక్ డిజైను, 1837 నాటిది. కాగితాలన్నీ పక్కా. పెద్ద పెద్ద వాళ్ళు అడ్డుపడ్డా 1961-62లో కొట్టేశారు. ఆ రాళ్ళలో చాలా భాగం తూర్పు లండన్‌లో ఒక కాలువ అడుగున గుంత పూడ్చడానికి వాడారని 1994లో బయటపడింది. పట్టా ఉన్నంత మాత్రాన భూమి దక్కదన్నమాట. 1878లో టెంపుల్ బార్‌ను అసలు కాపాడింది రెన్ పేరో మరోటో గానీ, తిరిగి నిలబెట్టగలిగేలా చేసింది మాత్రం పెయింటు డబ్బా పట్టుకుని రాయి రాయికీ నంబరు వేసిన గుమాస్తా. ఆయన లేకపోతే లేడీ మ్యూస్‌కు దొరికేది ఒక కంకర కుప్ప.

ఈ మాట అంటున్నప్పుడు నాకు అమరావతి గుర్తొస్తుంది. కృష్ణ ఒడ్డున 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన స్తూపం పలకలు మద్రాసులో ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో లండన్ చేరాయి. ఒక పాత బంగళా బండ్ల షెడ్డులో పడి ఉంటే 1867లో మన దేశపు పాత కట్టడాల మీద పుస్తకాలు రాసిన జేమ్స్ ఫెర్గుసన్ కంటబడ్డాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో చల్లటి గదిలో ఉన్నాయి. ఏ పలక స్తూపంలో ఏ వైపుది, ప్రాకారంలో ఎన్నోది అని తేల్చడానికి పండితులు నూట యాభై ఏళ్ళుగా కుస్తీ పడుతున్నారు. అక్కడ శిల్పి పేరు మనకు తెలియకపోవడం ఒక లోటు. రాయి ఎక్కడిదో తెలియకపోవడం అంతకు పదింతల లోటు. తవ్విన నాడు ఒక మనిషి, ఒక కుంచె, వరస నంబర్లు ఉంటే సరిపోయేది.

అందుకే ఎస్టేటు గేట్ల దగ్గర పెట్టే బోర్డుల మీద "ఫలానా మహానుభావుడి కృతి" అని మొదటి లైను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ రాయి ఏ గని నుంచి వచ్చింది, మొదట ఎక్కడ నిలబడింది, ఎప్పుడు ఎవరు విప్పారు, ఎన్ని రాళ్ళు కొత్తవి, ఎవరికి కూలి ముట్టింది, ఇవి రాయండి ముందు. మహానుభావుడు చివరి లైనులో, "అంటారు" తోడుగా వస్తే నాకేం అభ్యంతరం లేదు.

నిజానికి టెంపుల్ బార్ మీద విగ్రహంగా ఉన్న రాణి ఎవరన్నదే తేలినట్టు లేదు. ఇప్పటి పుస్తకాలు ఒకటో జేమ్స్ భార్య, డెన్మార్క్ ఆన్ అంటాయి. కానీ కట్టిన ఏడేళ్ళకే, 1679 నవంబరు 17న, రోమ్ మతగురువు పోప్ దిష్టిబొమ్మ తగలబెట్టడానికి ఊరేగింపుగా వచ్చిన లండన్ జనం ఆ విగ్రహాన్ని ఎలిజబెత్ రాణి అనుకునే పూలూ ఆకులూ తొడిగి దండం పెట్టారు. చెక్కిన బుష్నెల్ అప్పటికి బతికే ఉన్నాడు.

గైడు గుంపును తీసుకుని వెళ్ళిపోయాక నాయిన గోడ దగ్గరకు పోయాడు. పోర్ట్‌లాండ్ రాయిలో ఆల్చిప్పలుంటాయి. మెత్తటి భాగం వానకు అరిగిపోతే చిప్పల అంచులు పైకి తేలతాయి. నాయిన బొటనవేలితో ఒకదాన్ని గీరి చూసి, "సముద్రంలకెళ్ళి వచ్చినట్టున్నది" అన్నాడు. పక్క రాయి తెల్లగా, అంచులు పదునుగా ఉంది, వేలికి నున్నగా తగిలింది. 2004లో వేసిన అతుకు. రెంటి నడుమ సున్నం గీత సన్నగా ఉంది.

"నంబర్లేవిరా?"

"లోపలి వైపు ఉంటాయి నాయినా, రాయికీ రాయికీ మధ్యన. కనపడవు."

"ఇది హద్దు మీద ఉండేదన్నవు కదా. హద్దురాయిని పీకి అడవిల పాతితే కేసు కాలేదా?"

కాలేదన్నాను. ఇప్పుడు కూడా ఇది హద్దు మీద లేదని, నగరం నడిబొడ్డున ఉందని చెప్పాను. అసలు హద్దు దగ్గర ఇప్పుడు గేటుకు బదులు డ్రాగన్ బొమ్మ ఎక్కిన ఒక దిమ్మె ఉందని, వీలైతే రేపు చూద్దామన్నాను. ఆయన వినిపించుకోలేదు. చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, నడిమి దారి వెడల్పు అడుగులతో కొలిచి ఏదో రాసుకున్నాడు. రైలులో అడిగి చూశాను. పైన తారీఖు. కింద ఆయన గుండ్రటి చేతిరాతలో రెండు లైన్లు.

పట్టాదారు: విచారణలో ఉన్నది.

అనుభవదారు: పావురాలు.